పాత మారుతి 800కి కొత్త పికప్: ఏ పనికి ఎంత ఫలితం?

796 సీసీ. 3 సిలిండర్లు. 650 కిలోల చుట్టూ బరువు. 4 గేర్ల మామూలు మోడళ్లలో ఏడాదిని బట్టి 37 నుంచి 40 హార్స్‌పవర్. 1983 డిసెంబరు 14న తొలి కారు యజమాని చేతికి వెళ్లింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. ఈ 30 ఏళ్లలో మారుతి 800 ఎన్ని రూపాలు మార్చినా బానెట్ కింద లెక్క మాత్రం ఇంచుమించు ఇదే.

ఇంత చిన్న ఇంజిన్‌లో ప్రతి హార్స్‌పవర్‌కూ విలువ ఎక్కువ. 150 హెచ్‌పీ ఉన్న పెద్ద కారులో 4 హెచ్‌పీ తగ్గితే నడిపేవాడికి తెలియనైనా తెలియదు. 40 హెచ్‌పీ కారులో అదే 4 పోతే పదో వంతు పోయినట్టు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరు చాలక రెండోదానికి దిగాల్సి వస్తుంది. అందుకే పాత 800 యజమానులు పికప్ పెంచే సామాన్ల కోసం వెతుకుతుంటారు. కోన్ ఫిల్టరు, ఫ్రీ ఫ్లో సైలెన్సరు, అయస్కాంతాలు, ట్యాంకులో పోసే సీసాలు, వేటికవే గొప్పలు చెప్పుకుంటాయి.

లెక్క తీసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. పాతికేళ్ల ఇంజిన్‌కి కొత్తగా బలం తగిలించే పనులు ఇంట్లో చేయగలిగినవి దాదాపు లేవు. కంపెనీ నుంచి వచ్చిన రోజున ఉన్న బలంలో ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జారిపోయినదాన్ని వెనక్కి తేవడం మాత్రం ఇంటి ముందు, ఒక్క ఆదివారంలో సాధ్యమే. ఇక్కడి లెక్కలన్నీ కార్బొరేటర్ 800ని ముందు పెట్టుకుని వేసినవి. ప్రీమియర్ పద్మినికైనా, అంబాసిడర్‌కైనా సూత్రం అదే, అంకెలు మారతాయి.

ముందు ఒక కొలత

పని మొదలుపెట్టే ముందు కారు ఇప్పుడు ఎలా ఉందో కొలవాలి. ఏదైనా మార్చాక ‘బాగా లాగుతోంది’ అనిపించడం సహజం. ఖర్చు పెట్టిన మనిషికి అది ఇంకా త్వరగా అనిపిస్తుంది.

ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకోండి. మూడో గేరులో గంటకు 30 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి 60కి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో పక్కనున్న మనిషి చేత ఫోన్‌లో కొలిపించండి. గాలి వాటం, రోడ్డు వాలు సర్దుకోవడానికి రెండు దిక్కులా కొలిచి సగటు తీయండి. ఏసీ ఆపాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి, కారులో అదే ఇద్దరు ఉండాలి. పని అయ్యాక అదే రోడ్డు మీద మళ్లీ కొలవండి. 10 సెకన్లు పట్టింది 9కి దిగితే కారును ముందుకు తోసే నికర బలం సుమారు 11 శాతం పెరిగినట్టు. అర సెకను కూడా తేడా రాకపోతే వచ్చిన మార్పు మన మనసులోనిదే.

మైలేజీకి ట్యాంకు నుంచి ట్యాంకు లెక్క ఒక్కటే నమ్మదగ్గది. ఒకే బంకులో నిండుగా పట్టించి, 200 కిలోమీటర్లయినా తిరిగి, మళ్లీ నింపి భాగించాలి. పెట్రోలు ముల్లును చూసి చెప్పే మైలేజీ లెక్కలోకి రాదు.

లీటరు పెట్రోలుకు 9,000 లీటర్ల గాలి

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలో ఇంధనానికి 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అంటే దానికి దాదాపు 11 కిలోల గాలి, ఘనపరిమాణంలో 9,000 లీటర్ల పైచిలుకు. ఇంజిన్ పట్టే పెట్రోలు కంటే పీల్చే గాలి అన్ని వేల రెట్లు ఎక్కువ. ఆ గాలంతా ఒక్క కాగితం ఫిల్టరులోంచే పోవాలి.

మన రోడ్ల దుమ్ములో, ముఖ్యంగా ఇసుక లారీలు తిరిగే దారుల్లో, పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ముందే ఫిల్టరు మూసుకుపోతుంది. ఫిల్టరును బల్బుకు అడ్డంగా పెట్టి చూడండి. మడతల మధ్య నుంచి వెలుగు కనిపించకపోతే దాని పని అయిపోయినట్టే. కంప్రెసర్‌తో గాలి కొట్టించి మళ్లీ వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. కానీ గట్టిగా కొడితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడి దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది. కొత్తది కొనడమే చవక.

ఫలితం ఎంత? మూసుకుపోయిన ఫిల్టరు మారిస్తే పాత కార్బొరేటర్ కార్లలో మైలేజీ, పికప్ రెండూ కొన్ని శాతం మెరుగవుతాయని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. కొత్త ఇంజెక్షన్ కార్లలో మైలేజీ మారదు, పికప్ మాత్రమే పెరుగుతుంది. ఎందుకంటే వాటిలో గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోలు కూడా తగ్గిస్తుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. గాలి తగ్గితే మిశ్రమం చిక్కబడి పొగ వస్తుంది.

గాలి ఎంత అన్నదే కాదు, ఎంత చల్లగా ఉంది అన్నదీ ముఖ్యమే. వేడెక్కిన గాలి పలచబడుతుంది. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద 60 డిగ్రీల గాలిని పీలిస్తే సిలిండరులోకి చేరే గాలి బరువులో 7 శాతానికి పైగా తగ్గుతుంది. 40లో 7 శాతం అంటే దాదాపు 3 హెచ్‌పీ. కంపెనీ ఎయిర్ క్లీనరుకు ముక్కులాంటి గొట్టం పెట్టేది బయటి గాలి కోసమే. చాలా పాత కార్లలో ఆ గొట్టం ఊడిపోయి, చిరిగి, లేదా మెకానిక్ తీసి పక్కన పడేసి ఉంటుంది. దాన్ని మళ్లీ పెట్టించడం ఇంట్లో చేయగలిగిన ‘మోడిఫికేషన్’లలో అత్యంత చవకైనది. కొన్ని పాత మోడళ్లలో ఆ ముక్కును వేసవికి ఒకవైపు, చలికాలానికి మరోవైపు తిప్పే ఏర్పాటు ఉంటుంది. వేసవిలో అది చలికాలం వైపు ఉండిపోతే ఇంజిన్ సైలెన్సర్ పైపు దగ్గరి వేడి గాలి పీలుస్తూ ఉంటుంది.

సెకనుకు 75 మెరుపులు

నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 1,500 సార్లు మండాలి. మూడింటికీ కలిపి 4,500, అంటే సెకనుకు 75 సార్లు. ఒక ప్లగ్గు పదింటిలో ఒకసారి ఎగ్గొట్టినా ఆ సిలిండరు బలంలో పదో వంతు, మొత్తం ఇంజిన్ బలంలో 3 శాతానికి పైగా పోతుంది. ఒక్క హెచ్‌పీ కంటే ఎక్కువే. నాలుగు సిలిండర్ల కారులో ఇదే తప్పు ఇంత బాధించదు.

ప్లగ్గులు విప్పేటప్పుడు ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకోండి. వాటి కొనలు సిలిండరు లోపలి సంగతంతా చెబుతాయి. బిస్కెట్ రంగులో పొడిగా ఉంటే అంతా సవ్యం. మసిలా పొడి నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. సున్నంలా తెల్లబడితే మిశ్రమం పలచగా ఉండి వేడి ఎక్కువవుతోంది. మూడూ ఒకేలా మసి పట్టో, తెల్లబడో ఉంటే లోపం చాలావరకు కార్బొరేటర్‌ది. ఒక్కటే వేరుగా ఉంటే లోపం ఆ సిలిండరుదో, ఆ వైరుదో.

గ్యాప్ సంగతి. ఈ ఇంజిన్‌కి ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. వేల కిలోమీటర్లు తిరిగాక కొన అరిగి 1 మిల్లీమీటరు దాకా వెళ్తుంది. గ్యాప్ పెరిగితే దాన్ని దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. పాతబడ్డ కాయిల్ అది ఇవ్వలేదు, ముఖ్యంగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు. మామూలుగా బాగానే నడిచి, ఓవర్‌టేక్ చేయబోతే ‘మిస్సింగ్’ కొట్టే కార్లలో ముందు చూడాల్సింది ఇదే. ఫీలర్ గేజ్ ఆకు గ్యాప్‌లోంచి కొంచెం పట్టినట్టుగా, కానీ వంగకుండా జారాలి. పక్క కొనను మెల్లగా తట్టి సరిచేయాలి, మధ్య కొనను తాకకూడదు.

ప్లగ్ వైర్లను రాత్రిపూట పరీక్షించండి. లైట్లన్నీ ఆపేసి, ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూస్తే, పగిలిన వైరు నుంచి ఇనుము మీదికి సన్నని నీలి మెరుపులు దూకడం కనిపిస్తుంది. చేత్తో ముట్టుకోవద్దు, అక్కడ వేల వోల్టులుంటాయి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల పెన్సిలు గీతల్లాంటి నల్లని చారలున్నాయేమో చూడండి. ఉంటే కరెంటు దారి తప్పుతోందని అర్థం, క్యాప్ మార్చాల్సిందే. రోటర్ కొన మీద బూజు పట్టినట్టున్న పొరను పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

మిల్లీసెకనుకు 18 డిగ్రీలు

3,000 చుట్ల వేగంలో క్రాంక్ షాఫ్ట్ ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. మిశ్రమం అంటుకుని పూర్తిగా మండడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పెట్టాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుగా పెట్టాలి. దీన్నే మెకానిక్కులు ‘టైమింగ్’ అంటారు. సరైన చోటు నుంచి నాలుగైదు డిగ్రీలు వెనకబడితే పెద్దగా తెలియదు. 10 డిగ్రీలు వెనకబడితే మాత్రం ఇంచుమించు 4–5 శాతం బలం పోతుంది, సైలెన్సరు వేడెక్కుతుంది, రేడియేటర్ మీద భారం పెరుగుతుంది.

పాత కార్లలో స్లోలో (ఐడ్లింగ్‌లో) టైమింగ్ సరిగానే ఉండి, వేగంలో తప్పుతుంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న తూకపు ముక్కలుంటాయి. చుట్లు పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని టైమింగ్‌ను ముందుకు జరుపుతాయి. తుప్పు పట్టి బిగుసుకుంటే జరగవు. క్యాప్ తీసి రోటర్‌ను వేళ్లతో దాని తిరిగే దిక్కుగా తిప్పి వదిలితే స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే ఒకట్రెండు చుక్కల పలచని నూనె వేసి కదిలించాలి.

రెండో ఏర్పాటు వాక్యూమ్ అడ్వాన్స్. డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రని డబ్బా, దాని నుంచి కార్బొరేటర్‌కి సన్నని గొట్టం. ఇంజిన్ ఆపి, గొట్టాన్ని కార్బొరేటర్ వైపు ఊడదీసి, శుభ్రంగా తుడిచి నోటితో పీల్చండి. క్యాప్ తీసి చూస్తుంటే లోపలి పళ్లెం కొద్దిగా కదలాలి. నాలుక అడ్డుపెడితే అక్కడే నిలబడాలి. గాలి సులువుగా వచ్చేస్తుంటే లోపలి రబ్బరు పొర చిరిగింది. అది చిరిగిన కారు పరుగు బాగానే తీస్తుంది గానీ, నింపాదిగా నడిపినప్పుడు మైలేజీ పడిపోతుంది. ‘ట్యూనింగ్ చేయించాను, అయినా మైలేజీ రాలేదు’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ డబ్బానే.

టైమింగ్‌ను అవసరానికి మించి ముందుకు జరిపితే పికప్ వస్తుందన్న నమ్మకం ఉంది. కొంతవరకు నిజమే. ఆ తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్లు గలగలలాడినట్టు నాకింగ్ మొదలవుతుంది. అది పిస్టన్లను తినేస్తుంది. టైమింగ్ లైటు పెట్టి కారు పుస్తకంలో చెప్పిన చోటే నిలపడం మంచిది.

0.15 మిల్లీమీటర్లు, 82 డిగ్రీలు

వాల్వులకూ రాకర్లకూ మధ్య ఈ ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్ల చుట్టూ సందు ఉండాలి, మెకానిక్కులు ‘ట్యాపెట్’ సెట్టింగ్ అనేది దీన్నే. వేడిగా ఉన్నప్పుడు కొలత వేరు. కచ్చితమైన అంకె మీ మోడల్ పుస్తకంలో చూసుకోవాలి. సందు ఎక్కువైతే టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది, వాల్వు కొంచెం ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది. అది అంత ప్రమాదం కాదు. చప్పుడు పోవాలని బిగించేస్తేనే ప్రమాదం. వాల్వు పూర్తిగా మూసుకోక, ఒత్తిడి కారిపోయి, ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. చప్పుడే లేని ట్యాపెట్లు కాలిన వాల్వుకు తొలి మెట్టు.

థర్మోస్టాట్ మరో కథ. ఇంజిన్ నీళ్లు 80 డిగ్రీలు దాటాక, చాలా కార్లలో 82 దగ్గర, తెరుచుకునే చిన్న వాల్వు అది. ఎప్పుడో కారు వేడెక్కిందని దాన్ని పీకేసి, ‘ఇక్కడి ఎండలకి ఇది అక్కర్లేదు’ అని చెప్పి పంపే మెకానిక్కులు మన ఊళ్లలో కొల్లలు. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే ఉంటుంది. చల్లని ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, చిక్కటి ఆయిల్ రాపిడి పెంచుతుంది, సిలిండరు గోడలు త్వరగా అరుగుతాయి. ఉష్ణోగ్రత ముల్లు శీతాకాలం హైవే మీద అడుగునే ఉండిపోతుంటే మీ కారులో థర్మోస్టాట్ లేదని అనుమానించవచ్చు. కొత్తది వేయించి, మామూలు నీళ్లు తీసేసి కూలెంట్ పోయించడం చిన్న ఖర్చు.

14.7 నుంచి 13.5కి: ఈ20 చేసిన మార్పు

పాత కార్ల యజమానుల నోట ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట ‘పెట్రోలు మునుపటిలా లేదు’. అందులో లెక్క ఉంది. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండొంతులే. అందువల్ల ఈ20 లీటరుకు శక్తి 6–7 శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక కూడా, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో సామర్థ్యం 6–7 శాతం తగ్గుతుందనే అంచనా వేసింది. దీన్ని ఏ స్క్రూ తిప్పీ తిరిగి తేలేం.

తేగలిగింది వేరే ఉంది. ఇథనాల్‌కి కాలడానికి తక్కువ గాలి చాలు. ఈ20కి సరైన నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర ఉంటుంది. ఇంజెక్షన్ కారులో సెన్సర్ ఈ తేడా పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. కార్బొరేటర్ మాత్రం తన జెట్టు రంధ్రం ఎంతుంటే అంతే ఇస్తుంది. అంటే మునుపు 14.7 దగ్గర నడిచిన కారు ఈ20 పోయగానే పాత లెక్కలో 16 దగ్గర నడుస్తున్నట్టు. బాగా పలచన. గరిష్ఠ బలం వచ్చేది 12.5–13 దగ్గర.

‘మైలేజీ సెట్టింగ్’ పేరుతో కార్బొరేటర్‌ను ముందే పలచన చేయించుకున్న కార్లు ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పడుతున్నది ఇందుకే. చోక్ లేనిదే ఉదయం స్టార్ట్ కావు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తటపటాయిస్తాయి, స్లోలో ఆగిపోతాయి. వీటికి మందు కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయించి, కొత్త కిట్ వేయించి, మిశ్రమం స్క్రూను కంపెనీ చెప్పిన చోటికి తేవడం.

ఆ స్క్రూ పనిచేసేది స్లోలోనే అని మరువొద్దు. వేగంలో పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్టు. జెట్టులోంచి పోయే పెట్రోలు రంధ్రం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది. 8 శాతం ఎక్కువ పెట్రోలు కావాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు. 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న జెట్టులో అది 0.04 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం కంటే కూడా తక్కువ. సూదితో పొడిచి, సన్న డ్రిల్లుతో తోడి ఈ కొలత సాధించడం ఎవరి తరమూ కాదు. అవసరమైతే నంబరు ఉన్న తర్వాతి సైజు జెట్టు వేయించాలి.

మిశ్రమం ఎలా ఉందో చెప్పే యంత్రం మీకు అందుబాటులోనే ఉంది. అదే కాలుష్య పరీక్ష కేంద్రం. సర్టిఫికెట్‌ను డాష్‌బోర్డులో పడేయకుండా అందులోని సీవో (కార్బన్ మోనాక్సైడ్) అంకె చూడండి. భారత్ స్టేజ్-2కి ముందు తయారైన కార్లకు స్లోలో సీవో 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాకా అనుమతి. సీవో 3 దగ్గర ఉంటే పెట్రోలు వృథా అవుతోంది. సున్నాకి దగ్గరగా ఉండి హైడ్రోకార్బన్లు ఎక్కువగా ఉంటే మిశ్రమం మరీ పలచనై మంట తప్పుతోంది, లేదా ఒక ప్లగ్గు పనిచేయడం లేదు.

ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పగులగొడుతుంది. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చడం, ఫ్యూయల్ ఫిల్టరు మార్చడం పికప్ కోసం కాకపోయినా నిప్పు అంటుకోకుండా ఉండటం కోసం ముందు చేయాల్సిన పని.

వాక్యూమ్ గొట్టాలకు పగుళ్లుంటే దొంగగాలి లోపలికి పోయి మిశ్రమం ఇంకా పలచనవుతుంది. వీటిని పట్టడానికి అరమీటరు రబ్బరు గొట్టం చాలు. ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, ఇంజిన్ స్లోలో నడుస్తుండగా రెండో కొనను కార్బొరేటర్ అడుగు గ్యాస్కెట్ చుట్టూ, ప్రతి గొట్టం అతుకు దగ్గరా తిప్పండి. లీకు దగ్గరికి రాగానే ‘స్‌స్‌’ అని సన్నగా ఈల వినిపిస్తుంది. ఫ్యాను, బెల్టుకు దూరంగా ఉండాలి.

విజయవాడలో 40, అరకులో 36

ఒకే కారు అన్ని ఊళ్లలో ఒకేలా లాగదు. ఇంజిన్ తప్పేమీ లేకపోయినా సరే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం తీరం కంటే 6 శాతం తక్కువ. 900 మీటర్ల అరకులో 10 శాతం తక్కువ. విజయవాడలో 40 హెచ్‌పీ ఇచ్చే ఇంజిన్ పీడనం లెక్కన హైదరాబాద్‌లో 37–38, అరకులో 36 ఇస్తుంది. దీనికి ఎండ కూడా తోడవుతుంది. 20 డిగ్రీల జనవరి ఉదయంతో పోలిస్తే 45 డిగ్రీల మే మధ్యాహ్నం గాలి 8 శాతం పలచన.

వాక్యూమ్ గేజ్ వాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ తీరంలో స్లోలో 17 నుంచి 21 అంగుళాలు చూపుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్‌లో ముల్లు 16 దగ్గర నిలకడగా ఉంటే కంగారు పడొద్దు. ముల్లు వణుకుతుంటే మాత్రం ఏదో ఒక సిలిండరు సరిగా లేదు.

ఇంజిన్ జోలికి పోకుండా 2 హెచ్‌పీ

650 కిలోల కారులో నలుగురు కూర్చుంటే 900 దాటుతుంది. అందులోంచి 50 కిలోలు దించేస్తే పికప్‌లో లాభం 5 శాతానికి పైనే, అంటే ఇంజిన్‌కి 2 హెచ్‌పీ జోడించినంత. డిక్కీలో పాత బ్యాటరీ, పనిముట్ల పెట్టె, నీళ్ల క్యాన్లు, ఎప్పటివో సామాన్లు ఉంటే ఆ 50 కిలోలు తేలిగ్గానే దొరుకుతాయి. పైన ఏ పనికీ ఇంత చవగ్గా ఇంత ఫలితం రాదు.

టైర్లన్నిటిలో సగటున గాలి ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 8 పీఎస్ఐ తగ్గితే 1.6 శాతం. చిన్నదే, కానీ దాన్ని రాబట్టడానికి పైసా ఖర్చు లేదు.

పట్టుకుపోయిన బ్రేకులు అంతకంటే పెద్ద దొంగ. పది కిలోమీటర్లు నడిపి వచ్చి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి గమనించండి. ఒకటి మిగతావాటికంటే సెగలు కక్కుతుంటే ఆ చక్రాన్ని జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు, స్టాండు పెట్టాలి.

దండగ ఖర్చులు

కోన్ ఫిల్టరు: గాలికి అడ్డు కొంచెం తగ్గుతుంది. కానీ అది బానెట్ కింద నిలబడి వేడి గాలి పీలుస్తుంది. ఒకటి రెండు శాతం లాభానికి 7 శాతం నష్టం.

ఫ్రీ ఫ్లో సైలెన్సర్: 40 హెచ్‌పీ ఇంజిన్‌కి కంపెనీ సైలెన్సర్ పెద్ద అడ్డు కాదు. పెరిగేది చప్పుడే. లోపల తుప్పు పట్టి మూసుకుపోయిన పాత సైలెన్సర్‌ను అదే రకం కొత్తదానితో మార్చడం మాత్రం సరైన పని.

ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు: ఈ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 9:1 లోపే. బంకులో దొరికే మామూలు పెట్రోలుతో నాకింగ్ రాకుండా నడుస్తుంటే 100 ఆక్టేన్ అయినా బలం పెంచదు.

అయస్కాంతాలు, ఇంధనం ఆదా చేసే పరికరాలు: అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి 100కి పైగా పరీక్షించింది. చెప్పుకోదగ్గ ఫలితం ఇచ్చింది ఒక్కటీ లేదు.

5,000 రూపాయల గీత

ప్లగ్గులు, ఫిల్టర్లు, గొట్టాలు, జెట్లు మార్చడం నిర్వహణ. అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం, ఆర్సీలోని వివరాలు తప్పేలా కారును మార్చేయడం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాన్ని అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంజిన్ మార్పించాలంటే ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి.

పాత కారు ఉంచుకోవడం కూడా ఇప్పుడు ఖరీదైంది. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. కార్బొరేటర్ 800లు దాదాపు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఫిట్‌నెస్‌కి వెళ్లే ముందు పై పనులన్నీ చేయిస్తే పొగ పరీక్ష ఒక్క దఫాలో గట్టెక్కుతుంది.

ఏది ముందు, ఎక్కడ ఆగాలి

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అన్న వరసలో ఆదివారం పని ఇలా పెట్టుకోవచ్చు:

1. డిక్కీ ఖాళీ చేయడం, టైర్ల గాలి, బ్రేకుల వేడి పరీక్ష.
2. ఎయిర్ ఫిల్టరు, దాని ముక్కు గొట్టం.
3. ప్లగ్గులు, గ్యాప్, వైర్లు, క్యాప్, రోటర్.
4. పెట్రోలు, వాక్యూమ్ గొట్టాలు, ఫ్యూయల్ ఫిల్టరు.
5. చల్లని ఇంజిన్ మీద ట్యాపెట్లు, ఆ తర్వాత టైమింగ్.
6. అన్నిటికంటే చివర కార్బొరేటర్ స్క్రూ.

చాలామంది మొదట తిప్పేది ఆ స్క్రూనే. ముందున్న తప్పులన్నీ అలాగే ఉంచి స్క్రూ తిప్పితే ఒక తప్పును మరో తప్పుతో కప్పినట్టు. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు, పెట్రోలు గొట్టాలు విప్పేటప్పుడు బ్యాటరీ వైరు తీసెయ్యండి.

ఇవన్నీ చేశాక కూడా 30 నుంచి 60 పరుగులో సెకన్లు తగ్గకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజిన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండరు గేజ్ అంకె రాసుకోవాలి. మూడూ కారు పుస్తకంలో చెప్పిన అంకెకు దగ్గరగా ఉండి, వాటి మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే ఇంజిన్‌కి ఇంకా ఆయువు ఉంది, లోపం ఇంకెక్కడో ఉంది. ఒకటి బాగా తక్కువుంటే ఆ సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వో, హెడ్ గ్యాస్కెట్టో పోయింది. ఆ దశలో కార్బొరేటర్ మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే. ఆ డబ్బును హెడ్ దించే పనికో, బోరు పనికో దాచిపెట్టుకోవడమే సరైన లెక్క.